పాత కారుకి కొత్త ప్రాణం... పాత రూపం పోకుండా!

పెళ్లయ్యాక మన పుట్టింటి వస్తువులు ఎక్కడికి చేరతాయో మీకు తెలియంది కాదు. కొన్ని అటక మీదికి, కొన్ని మంచం కిందికి. అమెరికాలో షికాగో దగ్గర ఉండే గెయిల్ వైజ్ గారి వస్తువు మాత్రం గ్యారేజీలో చేరింది. అదేం చిన్నా చితకా సామాను కాదు, కారు. ఒకరోజు స్టార్ట్ కాకుండా మొరాయిస్తే లోపలికి నెట్టారు. వచ్చేవారం బాగుచేద్దాంలే అన్నాడు భర్త టామ్. ఆ 'వచ్చేవారం' రావడానికి 27 ఏళ్లు పట్టింది!

ఆ కారు కథ తెలుసుకోవాలంటే 1964కి వెళ్లాలి. అప్పుడు గెయిల్‌కి 22 ఏళ్లు. కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది, మూడో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పాలి. స్కూలుకి వెళ్లడానికి కారు కావాలి. ఏప్రిల్ 15న అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని షికాగోలో సిసిరో అవెన్యూ మీదున్న జాన్సన్ ఫోర్డ్ అనే షోరూముకి వెళ్లింది. టాపు తీసి తిరగగలిగే కారు కావాలంది. బయట ఉన్నవాటిలో అలాంటిది ఒక్కటీ లేదు. ఆమె మొహం చూసి సేల్స్‌మాన్ వాళ్లని వెనక గదిలోకి తీసుకెళ్లి, కప్పి ఉంచిన గుడ్డ తొలగించాడు. లేత నీలం రంగు ఫోర్డ్ మస్టాంగ్! నిజానికి అది బయటి ప్రపంచానికి కనిపించడానికి ఇంకా రెండ్రోజుల గడువుంది. ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో దాన్ని విడుదల చేయాలని ఫోర్డ్ కంపెనీ ఏర్పాటు. అందుకే నడిపి చూడ్డానికి కూడా కుదరదన్నాడు. నడపక్కర్లేదు, ఇదే కావాలంది గెయిల్.

ధర 3,447 డాలర్ల 50 సెంట్లు. ఆమె జీతం చూస్తే ఏడాదికి 5,000 డాలర్లు. అంటే ఎనిమిది నెలల జీతం పైమాటే! నాన్న దగ్గర అప్పు తీసుకుంది. అమెరికా కదా, బ్యాంకుకి వెళ్లొచ్చుగా అంటారేమో. ఆ రోజుల్లో అక్కడ కూడా ఆడపిల్లకి తన పేరుమీద అప్పు పుట్టడం అంత తేలిక కాదు. అప్పు ఇచ్చేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని చట్టం వచ్చింది 1974లో. అంటే గెయిల్ కారు కొన్న పదేళ్లకి.

షోరూములోంచి బయటికి రాగానే రోడ్డుమీద జనం చేతులూపడం, హారన్లు కొట్టడం! సినిమా తారలా అనిపించిందని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పారు. స్కూల్లో అయితే పెద్ద తరగతుల మగపిల్లలు కారు చుట్టూ మూగేవారట.

1966లో పెళ్లి. తర్వాత నలుగురు పిల్లలు. ఆ కారే ఇంటి బండి అయింది. షికాగోలో చలికాలం మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఇనుముకి ఉప్పు ఎంత మిత్రుడో చెప్పక్కర్లేదు. పదిహేనేళ్లు అలా నలిగి నలిగి 1979లో ఆగిపోయింది. చోటు ఆక్రమిస్తోంది, వదిలించుకుందాం అని గెయిల్ పోరు. అబ్బే, రిటైరయ్యాక నేనే బాగుచేస్తా అని టామ్ మొండిపట్టు. మన ఇళ్లలో పాత సామాను పారెయ్యనివ్వని అపవాదు ఆడవాళ్లదే కదా, అక్కడ తిరగబడింది!

కాగితం తెచ్చిన కీర్తి

టామ్ మాట నిలబెట్టుకున్నాడు. రిటైరయ్యాక పని మొదలుపెట్టాడు. అప్పుడే ఒక సంగతి అతని కంట పడింది. మొట్టమొదటి మస్టాంగ్ కొన్నది నేనే అని ఎవరో చెప్పుకుంటున్నారు, వాళ్లు చెప్పిన తేదీ ఏప్రిల్ 16. మన బండి అంతకంటే ఒకరోజు ముందుది కదా అనుకున్నాడు. ఆ మాట నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? అదృష్టవశాత్తూ కారు కొన్ననాటి కాగితాలు ఇంట్లో భద్రంగా ఉన్నాయి. తేదీ స్పష్టంగా ఉంది. అలా అమెరికాలో షోరూములో అమ్ముడైన మొదటి మస్టాంగ్ గెయిల్‌దేనని అందరూ ఒప్పుకున్నారు, ఫోర్డ్ కంపెనీతో సహా.

అన్నట్టు, వరస నంబరు ప్రకారం మొదటిది ఇది కాదు. 5ఎఫ్08ఎఫ్100001 నంబరు గల తెల్ల మస్టాంగ్ కెనడాలోని సెయింట్ జాన్స్ ఊళ్లో స్టాన్లీ టక్కర్ అనే విమాన పైలట్ చేతికి చేరింది. కంపెనీ 1966లో అతన్ని ఒప్పించి దాన్ని వెనక్కి తీసుకుని, బదులుగా 10,00,001వ మస్టాంగ్ ఇచ్చింది. ఆ తెల్ల కారు ఇప్పుడు డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది.

ఆ నంబరు చూసి గాభరా పడకండి, చదవడం చాలా సులువు. మొదటి 5 అంటే 1965 మోడలు. ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. 08 అంటే టాపు తీసే రకం. రెండో ఎఫ్ ఇంజిను రకం, 260 క్యూబిక్ అంగుళాల వి-8 ఇంజిను. మిగతాది వరస నంబరు. పుట్టిన ఊరు, వంశం, నక్షత్రం అన్నీ ఉన్న జాతకచక్రం అనుకోండి. పాత కారు బాగుచేసేవాళ్లు ముందు చూసేది ఈ నంబరునే. కారు తలుపుమీది రేకులో రంగు, లోపలి సీట్ల గుడ్డ, గేర్‌బాక్స్ రకం కూడా అక్షరాల్లో ఉంటాయి.

కండల బండి అంటే?

మస్టాంగ్ లాంటివాటిని కొందరు 'మజిల్ కార్' అంటారు. నిక్కచ్చిగా చెప్పాలంటే మధ్య సైజు కారులో పెద్ద కారుకి పెట్టే బండ ఇంజిను బిగిస్తే అది మజిల్ కార్. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోతో ఈ మోజు మొదలైందంటారు. మస్టాంగ్ చిన్నది కాబట్టి దానికి 'పోనీ కార్' అని ముద్దుపేరు. కానీ తర్వాత తర్వాత మస్టాంగ్‌లో కూడా 390 క్యూబిక్ అంగుళాల ఇంజిన్లు పెట్టారు, అప్పుడవీ కండల బళ్లే. 1970ల్లో ఇన్సూరెన్సు రేట్లు పెరిగి, పొగమీద ఆంక్షలు వచ్చి, 1973లో పెట్రోలు కరువు వచ్చి ఆ సందడి చల్లబడింది. ఆనాటి కుర్రకారు పెద్దవాళ్లయి, చిన్నప్పటి కారు మళ్లీ కావాలని వెతుక్కోవడంతో వీటికి గిరాకీ పెరిగింది. గిరాకీతోపాటు నకిలీలూ వచ్చాయి. అందుకే 'ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉందా?' అన్న ప్రశ్నకి అంత విలువ.

విప్పేముందే అసలు పని

మన ఊళ్లో కారుకి టింకరింగ్, పెయింటింగ్ అంటే రేకు సరిచేసి, పుట్టీ పెట్టి, నిగనిగలాడే రంగు కొట్టడం. అక్కడి నిపుణుల పద్ధతి వేరు. ముందు ఒక్క బోల్టు కూడా విప్పరు. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీస్తారు. ఏ వైరు ఎటు వెళుతోంది, ఏ గొట్టం దేనికింద నుంచి వస్తోంది అని రాసుకుంటారు. తర్వాత విప్పుతూ ప్రతి నట్టూ బోల్టూ చిన్న సంచిలో వేసి చీటీ కడతారు. బోల్టుదేముంది, బజారులో కొత్తది దొరకదా అనుకుంటే పొరపాటే. బోల్టు తలమీద తయారుచేసినవాళ్ల గుర్తు ఉంటుంది. దానిమీది పూత నల్లగా ఉండాలా, తెల్లగా ఉండాలా అన్నది కూడా లెక్కలోకే వస్తుంది.

రంగు విషయం ఇంకా తమాషా. అసలు రంగు ఏదో తెలియాలంటే బయట చూడకూడదు, ఎండకి వెలిసిపోయి ఉంటుంది. గడప పట్టీ కింద, సీటు కింద, డిక్కీ మూలల్లో చూడాలి. పాత చీర రంగు తెలుసుకోవాలంటే కుచ్చిళ్ల లోపల చూస్తామే, అలాగన్నమాట. రంగు రకం కూడా ముఖ్యం. ఆ రోజుల్లో ఫోర్డ్ వాళ్లు ఎనామిల్ రంగు కొట్టి కాల్చేవాళ్లు, జనరల్ మోటార్స్ వాళ్లు ల్యాకర్ వాడేవాళ్లు. రెండింటి మెరుపూ ఒక్కలా ఉండదు. ఇప్పటి రంగులు రెండింటికంటే ఎక్కువ మెరుస్తాయి. అక్కడే వచ్చింది చిక్కు!

ప్రతి భాగానికీ పుట్టినరోజు ఉంటుంది. ఇంజిను దిమ్మమీద 4సి13 అని పోతపోసి ఉంటే 1964 మార్చి 13న పోసిన దిమ్మ అని అర్థం. నాలుగు సంవత్సరం, సి అంటే మూడో నెల. కారు తయారైన తేదీకన్నా ఇంజిను పుట్టినరోజు తర్వాతిదైతే? పిల్ల తల్లికంటే పెద్దదైనట్టే! అద్దాలమీద సైతం తేదీ గుర్తులుంటాయి.

1964 ఆగస్టుకి ముందు తయారైన మస్టాంగ్‌లకి ఇంకొన్ని ఆనవాళ్లున్నాయి. వాటిలో బ్యాటరీ చార్జి కావడానికి డైనమో ఉండేది, తర్వాతివాటిలో ఆల్టర్నేటర్ వచ్చింది. డ్రైవరు పక్క సీటు ముందుకీ వెనక్కీ జరగదు, బిగించేసి ఉంటుంది. ఇప్పుడు బాగుచేసేవాళ్లు సౌకర్యం కోసం ఆ సీటుని జరిగేలా చేయొచ్చు, డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టొచ్చు. కారు బాగానే నడుస్తుంది. కానీ అది 1964 వసంతంలో పుట్టిన బండి అని చెప్పే గుర్తులు పోతాయి.

మరీ మెరిస్తే మార్కులు కట్

మనకి నవ్వొచ్చే విషయం ఒకటుంది. ఫ్యాక్టరీలో కార్లు గబగబా తయారయ్యేవి. మస్టాంగ్ ఒక్కటే మొదటి ఏడాదిలో 4 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ హడావుడిలో కిందివైపు ఎర్ర ప్రైమర్ మీద పైరంగు తుంపర్లు పడేవి. రేకు రేకు కలిసేచోట సీలు పూత వంకరటింకరగా పోయేది. చూసి పంపామని పనివాళ్లు సుద్దతో, రంగుతో గుర్తులు గీసేవాళ్లు. ఇప్పుడు నిఖార్సుగా బాగుచేసేవాళ్లు ఈ తుంపర్లనీ, గీతల్నీ కూడా మళ్లీ అలాగే వేస్తారు! పోటీల్లో జడ్జీలు కారు కిందికి టార్చిలైటు వేసి మరీ చూస్తారు. కిందివైపు కూడా అద్దంలా మెరిసిపోతే మెచ్చుకోరు సరికదా, అతి చేశారని మార్కులు తగ్గిస్తారు.

చాదస్తం అనిపిస్తోందా? నాకూ కొంత అలాగే అనిపిస్తుంది. కానీ మన ఇంటి ఇత్తడి బిందె గురించి ఆలోచించండి. అమ్మమ్మ పేరు, ఊరు, తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటాయి. చింతపండుతో తోమితే తళతళలాడుతుంది, పేరు ఉంటుంది. దాన్నే తీసుకెళ్లి మిషను మీద పాలిష్ పట్టిస్తే ఇంకా బాగా మెరుస్తుంది. ఇంటికి తెచ్చి చూస్తే పేరు అరిగిపోయి ఉంటుంది. మెరుపు మళ్లీ తెచ్చుకోవచ్చు. అమ్మమ్మ కొట్టించిన పేరు ఇంకెవరు కొడతారు?

బ్రేకుల దగ్గర మొహమాటం వద్దు

ఈ అసలు రూపం పట్టుదల ఒకచోట ప్రాణం మీదికి తెస్తుంది. 1966 వరకూ మస్టాంగ్ బ్రేకులకి నూనె గది ఒక్కటే. నాలుగు చక్రాలకీ దాన్నించే గొట్టాలు. ఎక్కడో ఒక గొట్టం చిల్లుపడితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. 1967 నుంచి రెండు గదులు పెట్టారు, ముందువాటికి ఒకటి, వెనకవాటికి ఒకటి. మరి 1964 కారు బాగుచేసి అందులో మనవల్ని ఎక్కించుకుని తిరగాలంటే ఏం చేయాలి?

ప్రదర్శనకి మాత్రమే వెళ్లే కారైతే పాతదే ఉంచుతారు. రోడ్డెక్కే కారైతే చాలామంది రెండు గదులది బిగిస్తారు. అయితే రేకు కోయకుండా, కొత్త రంధ్రాలు చేయకుండా బిగిస్తారు. తీసిన పాత భాగాన్ని తుడిచి, చీటీ రాసి పెట్టెలో పెడతారు. రేపెవరైనా మళ్లీ పాతది పెట్టాలనుకుంటే గంటల్లో పెట్టేయొచ్చు. టైర్లూ అంతే. నడపడానికి ఇప్పటి రేడియల్ టైర్లు, చూపించడానికి ఆనాటి రకం. ఎవరేమన్నా నా ఓటు ఈ పద్ధతికే. పిల్లలున్న బండిలో చరిత్రకంటే బ్రేకు ముందు.

ఇంకో టీచరమ్మ, ఇంకో మస్టాంగ్

గెయిల్ కారుది బాగుచేసిన కథ. బాగుచేయకుండా వదిలేసిన కథ ఒకటుంది. అందులోనూ ఒక టీచరమ్మే ఉండడం విచిత్రం.

1968లో వచ్చిన 'బుల్లిట్' సినిమాలో హీరో స్టీవ్ మెక్వీన్ శాన్ ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల మీద ముదురాకుపచ్చ మస్టాంగ్ జీటీ నడుపుతాడు. కారు ఛేజ్ అనగానే సినిమా పిచ్చివాళ్లు ఈనాటికీ దాన్నే చెప్తారు. ఆ సినిమాలో వాడిన కారుని 1974లో పత్రికలో ప్రకటన చూసి రాబర్ట్ కీర్నన్ అనే ఆయన కొన్నారు. దాచిపెట్టారా? లేదు. ఆయన భార్య రాబీ దాంట్లోనే రోజూ స్కూలుకి వెళ్లి పాఠాలు చెప్పి వచ్చేవారు! 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాశాడు, నా కారు నాకు అమ్ముతారా అని. వాళ్లు అమ్మలేదు. 1980లో క్లచ్ పోయింది. ఇది కూడా గ్యారేజీలోకే!

బాగుచేయాలని తండ్రి, కొడుకు షాన్ అనుకుంటూనే ఉన్నారు. తండ్రికి పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. 2014లో ఆయన పోయారు. తర్వాత షాన్ కారుని నడిచే స్థితికి తెచ్చాడు, అంతే. రంగు కొట్టలేదు. సొట్టలు తీయలేదు. కారణం ఆ కారు ఒంటిమీదే ఉంది. షూటింగ్‌లో కెమెరాలు బిగించడానికి కింద వెల్డింగ్ చేసిన ముక్కలున్నాయి. డిక్కీలో వాళ్లు చేసిన రంధ్రాలున్నాయి. ఇవేవీ ఫ్యాక్టరీ పెట్టినవి కావు. 'ఫ్యాక్టరీ రూపం' తెస్తానని కూర్చుంటే ముందు చెరిపేయాల్సింది వాటినే. అవి చెరిపితే మిగిలేది ఇంకో ఆకుపచ్చ మస్టాంగ్, 'బుల్లిట్' కారు కాదు.

నిజంగా అదేనా అని తేల్చింది మళ్లీ నంబరూ, రికార్డులే. ఫోర్డ్ కంపెనీ 1967 నుంచి తయారుచేసిన బళ్ల వివరాలన్నీ కెవిన్ మార్టీ అనే ఆయన దగ్గర ఉన్నాయి. నంబరు ఇస్తే ఏ ఫ్యాక్టరీలో, ఏ తేదీన, ఏ రంగుతో తయారైందో చెప్తారు. ఆయన చూసి ఇదే అసలు కారని తేల్చారు. (గెయిల్ కారులాంటి 1964–66 బళ్లకి ఆ వివరాలు లేవు. అందుకే ఇంట్లో ఉన్న కాగితం అంత విలువైంది.) 2018 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో కారుని లోకానికి చూపించారు. 2020 జనవరిలో ఫ్లోరిడాలో వేలం వేస్తే రుసుములతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. సొట్టలతో సహా!

ఇక్కడ మనకి అడగాలనిపిస్తుంది, మరి గెయిల్ కారుని కూడా అలాగే వదిలేయాల్సిందా అని. వదిలేస్తే తుప్పు మిగిలిన రేకుని కూడా తినేసేది. ఆ కారు ప్రత్యేకత సొట్టల్లో లేదు, షోరూము వెనక గదిలో గుడ్డ తీసినప్పుడు ఎలా ఉందో అందులో ఉంది. ఆ లేత నీలం రంగు మళ్లీ రావడమే దానికి న్యాయం. రాబీ కారుకి న్యాయం వేరు. ఏ కారుకి ఏది చేయాలో పుస్తకం చూసి చెప్పే మెకానిక్ ఉండడు, ఆ కారుతో బతికినవాళ్లని అడగాల్సిందే.

మన గ్యారేజీల సంగతి

మస్టాంగ్ మనకి లేకపోవచ్చు. మామగారి అంబాసిడర్, నాన్నగారి ప్రీమియర్ పద్మిని, అన్నయ్య చేతక్ స్కూటర్ ఏదో ఒక ఇంట్లో షెడ్డు కింద ఉండే ఉంటాయి. మన దేశంలోనూ 2021లో కేంద్రం పాత బళ్లకి వేరే నిబంధనలు తెచ్చింది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్లు దాటిన కారుగానీ, ద్విచక్ర వాహనంగానీ 'వింటేజ్' బండిగా నమోదు చేయించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ నంబరులో రాష్ట్రం గుర్తు పక్కన 'వీఏ' అని వస్తుంది. కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పొడిగింపుకి 5,000 అని ఆ నిబంధనల్లో పెట్టారు. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మార్చి ఉండకూడదు. రోజువారీ తిరగడానికీ, వ్యాపారానికీ వాడకూడదు. అంటే పద్మినికి కొత్త కారు ఇంజిను వేయించి, మురిసిపోయి, తర్వాత వింటేజ్ అని దరఖాస్తు పెడితే చిక్కే.

ఇంట్లో మగవాళ్లు బండిని షెడ్డుకి తోలబోతుంటే మీరు ఒక్క గంట అడ్డుపడండి. ముందు ఫోటోలు తీయండి, లోపలా, బయటా, బానెట్ ఎత్తి కూడా. ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు కాగితం మీద రాసుకోండి. ఆర్.సి. పుస్తకం, కొన్ననాటి బిల్లు, పాత ఇన్సూరెన్సు కాగితాలు ఏ ట్రంకుపెట్టెలో ఉన్నాయో వెతకండి. బండి ముందు నిలబడి తీయించుకున్న పాత ఫోటో ఆల్బములో ఉంటే అసలు రంగు, అసలు బంపరు ఏవో అదే చెప్తుంది. మెకానిక్‌తో ఒక్క మాట ముందే తేల్చుకోండి: తీసిన పాత సామాను ఏదీ పాతసామాన్ల వాడికి వేయకూడదు, సంచిలో కట్టి ఇంటికి పంపాలి. మీటరు, హారను, కంపెనీ పేరున్న బిళ్ల లాంటివి అయితే తీసిన రోజే తెచ్చేసుకోండి. ఒకసారి షెడ్డులో మాయమైతే మళ్లీ దొరకవు.